గెలాక్సీల నక్షత్ర ద్రవ్యరాశి: ఎలా కొలుస్తారు, కాలంతో ఎలా పెరిగింది? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక గెలాక్సీ గురించి ఒక్క అంకె మాత్రమే చెబుతాం, ఏది కావాలో కోరుకోండి అంటే చాలామంది ఖగోళ శాస్త్రవేత్తలు అడిగేది దాని నక్షత్ర ద్రవ్యరాశినే. అది తెలిస్తే ఆ గెలాక్సీ రంగు, అందులో లోహాల (ఖగోళ శాస్త్రంలో హైడ్రోజన్, హీలియం కాని మూలకాలన్నీ లోహాలే) పాళ్లు, కొత్త నక్షత్రాలు ఇంకా పుడుతున్నాయా లేదా అన్నవి చాలావరకు ఊహించవచ్చు. ఇబ్బందల్లా ఈ అంకెను నేరుగా కొలిచే సాధనం ఏదీ లేకపోవడమే. మనం కొలిచేది వెలుగును. దాని నుంచి ద్రవ్యరాశిని రాబడతాం. ఆ రాబట్టడంలో ఏమేం అంచనాలు కలుస్తాయో తెలియకపోతే అంకె చూసి మోసపోతాం. కింది ప్రశ్నల్లో ఎక్కువ భాగం దాని చుట్టూ తిరిగేవే.

నక్షత్ర ద్రవ్యరాశి అంటే గెలాక్సీ మొత్తం ద్రవ్యరాశేనా?

కాదు. గెలాక్సీలో నక్షత్రాలతో పాటు వాయువు ఉంటుంది, ధూళి ఉంటుంది, అన్నిటికంటే ఎక్కువగా కృష్ణ పదార్థం, అంటే వెలుగు ఇవ్వకుండా గురుత్వాకర్షణతో మాత్రమే ఉనికి తెలిపే పదార్థం ఉంటుంది. నక్షత్ర ద్రవ్యరాశిలో లెక్కకొచ్చేవి వెలుగుతున్న నక్షత్రాలు, చనిపోయిన నక్షత్రాలు మిగిల్చిన శ్వేత కుబ్జాలు, న్యూట్రాన్ తారలు, చిన్న కృష్ణ బిలాలు మాత్రమే. మన పాలపుంతనే తీసుకోండి. కృష్ణ పదార్థంతో కలిపి దాని బరువు దాదాపు లక్ష కోట్ల సూర్యులంత. అందులో నక్షత్రాల వాటా 5,000 నుంచి 6,000 కోట్ల సూర్యులే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. నక్షత్రాలు బతికినంత కాలం గాలుల రూపంలో, చివర్లో పేలుళ్ల రూపంలో తమ పదార్థంలో కొంత తిరిగి వాయువులోకి వదిలేస్తాయి. ఒక తరం నక్షత్రాలు పుట్టాక వందల కోట్ల సంవత్సరాల్లో వాటి ద్రవ్యరాశిలో దాదాపు 40 శాతం ఇలా వెనక్కి వెళుతుంది. కాబట్టి ‘ఇప్పటిదాకా పుట్టిన నక్షత్రాల ద్రవ్యరాశి’ వేరు, ‘ఇప్పుడు మిగిలి ఉన్నది’ వేరు. రెండు పరిశోధన పత్రాల అంకెలు పోల్చేముందు ఎవరు దేన్ని లెక్కపెట్టారో చూడాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల లేని తేడాలు ఉన్నట్టు కనిపిస్తాయి.

పరిశోధన పత్రాల్లో ద్రవ్యరాశి 10.7 అని రాసి ఉంటుంది. అదేమిటి?

అది లాగరిథమ్. 10ని 10.7వ ఘాతానికి హెచ్చిస్తే వచ్చేది సుమారు 5,000 కోట్లు, అంటే 5,000 కోట్ల సూర్యులు. ఒక సూర్యుడంటే 2 పక్కన 30 సున్నాలు పెట్టినన్ని కిలోలు. ఈ లెక్కలో 0.3 తేడా వస్తే ద్రవ్యరాశి రెట్టింపైనట్టు, 1 తేడా వస్తే పది రెట్లైనట్టు. చూడ్డానికి చిన్నగా అనిపించే ‘0.3 పొరపాటు’ నిజానికి ఎంత పెద్దదో ఇందుకే గుర్తుపెట్టుకోవాలి.

నక్షత్రాలను ఒక్కొక్కటిగా లెక్కపెడితే సరిపోదా?

మన పక్కనే ఉన్న గెలాక్సీల్లో కొంతవరకు కుదురుతుంది. ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. హబుల్ టెలిస్కోప్ పదేళ్లకు పైగా తీసిన చిత్రాలను కలిపితే అందులో 20 కోట్ల నక్షత్రాలు విడివిడిగా కనిపించాయి. అవన్నీ సూర్యుడికంటే ప్రకాశవంతమైనవే. ఆండ్రోమెడా నక్షత్ర ద్రవ్యరాశేమో 10,000 కోట్ల సూర్యుల స్థాయిలో ఉంటుంది. అంటే అంత గొప్ప చిత్రంలో కూడా నక్షత్రాల్లో అత్యధికం కనబడనే లేదు. ఇంకా దూరం వెళితే గెలాక్సీ మొత్తం ఒక మసక మచ్చ. వందల కోట్ల నక్షత్రాల వెలుగు కలిసిపోయి నాలుగైదు పిక్సెళ్లలో పడుతుంది.

మరి వెలుగు చూసి ద్రవ్యరాశి ఎలా చెబుతారు?

ఎంత వెలుగుకు ఎంత ద్రవ్యరాశి అనే నిష్పత్తి తెలిస్తే గుణకారమే. కష్టమంతా ఆ నిష్పత్తి తెలుసుకోవడంలో ఉంది. రెండు నక్షత్రాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఓరియన్ రాశిలో నీలంగా మెరిసే రైగెల్ ద్రవ్యరాశి సుమారు 20 సూర్యులు. దాని వెలుగు మాత్రం సూర్యుడికి పదుల వేల రెట్లు. మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ ద్రవ్యరాశి సూర్యుడిలో 12 శాతం. వెలుగు మాత్రం దాదాపు 600వ వంతు. అంత దగ్గర ఉన్నా మామూలు కంటికి కనిపించదు. ఒక గెలాక్సీలో రైగెల్ లాంటివి కొన్ని ఉంటే చాలు, వెలుగంతా వాటిదే. ద్రవ్యరాశిని మోసేది మాత్రం లెక్కలేనన్ని ప్రాక్సిమాలు, సూర్యుడి లాంటి మధ్యరకం నక్షత్రాలు. మనకు కనిపించేది ఒకరు, బరువు మోసేది మరొకరు.

దీనికి దారి చూపేది నక్షత్రాల వయసు. బరువైన నక్షత్రాలు త్వరగా చనిపోతాయి. 10 సూర్యులంత ఉన్నది రెండు మూడు కోట్ల సంవత్సరాల్లోనే పేలిపోతుంది. సూర్యుడి లాంటిది 1,000 కోట్ల సంవత్సరాలు వెలుగుతుంది. కాబట్టి పాతబడ్డ నక్షత్ర సమూహం ఎర్రబడుతుంది, మసకబారుతుంది, కానీ ద్రవ్యరాశి అంతగా తగ్గదు. ఏ వయసు సమూహం ఏ రంగులో ఎంత వెలుగు ఇస్తుందో నక్షత్ర పరిణామ సిద్ధాంతంతో లెక్కగట్టి గెలాక్సీలకు అన్వయించిన వారిలో బియాట్రిస్ టిన్స్లీది అగ్రస్థానం. 1960ల చివర్లో ఆమె మొదలుపెట్టిన పని మీదే ఈ రంగమంతా నిలబడి ఉంది. 1981లో, నలభై ఏళ్లు నిండగానే ఆమె చనిపోయారు. గెలాక్సీలు కాలంతో మారతాయన్న మాట ఈరోజు మనకు మామూలుగా అనిపిస్తోందంటే అందులో ఆమె పాత్ర చాలా ఉంది.

పరారుణ కాంతికి అంత ప్రాధాన్యం ఎందుకు?

నీలి వెలుగులో చూస్తే యువ నక్షత్రాలదే హడావిడి. ఒకే ద్రవ్యరాశి ఉన్న రెండు గెలాక్సీల వెలుగు వయసును బట్టి పది రెట్ల దాకా తేడా రావచ్చు. 2.2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగాల దగ్గర, అంటే సమీప పరారుణంలో చూస్తే ఆ తేడా రెండు మూడు రెట్లకు పడిపోతుంది. అక్కడ వెలిగేవి ఎక్కువగా పాత ఎర్ర నక్షత్రాలు. పైగా ధూళి పరారుణాన్ని అంతగా ఆపలేదు. 1997 నుంచి 2001 దాకా ఆకాశమంతటినీ ఈ కాంతిలో చిత్రించిన టూ మాస్ సర్వే దగ్గరి గెలాక్సీల ద్రవ్యరాశి లెక్కలకు అందుకే అంత ఉపయోగపడింది.

దూరపు గెలాక్సీల విషయంలో ఈ సౌకర్యం పోతుంది. విశ్వం వ్యాకోచించడం వల్ల కాంతి తరంగాలు సాగుతాయి. ఎంత సాగాయో చెప్పే అంకె రెడ్‌షిఫ్ట్; అది ఎంత పెద్దదైతే గెలాక్సీ అంత దూరంలో, అంత గతంలో ఉన్నట్టు. రెడ్‌షిఫ్ట్ 8 దగ్గరున్న గెలాక్సీ కాంతి తొమ్మిది రెట్లు సాగి మనల్ని చేరుతుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌లోని ప్రధాన కెమెరా 5 మైక్రాన్ల దాకా చూడగలదు. దాన్ని 9తో భాగిస్తే 0.55 మైక్రాన్లు, అంటే ఆకుపచ్చ కాంతి. పాత నక్షత్రాలు బాగా వెలిగే భాగం దాని పరిధి దాటిపోయింది. ఇంకా పొడవైన తరంగాలను చూసే మిరి అనే పరికరం ఉంది గానీ, మసక గెలాక్సీలను అందులో పట్టాలంటే చాలా ఎక్కువసేపు చూడాలి.

ఒక గెలాక్సీకి ఈ లెక్క అడుగడుగునా ఎలా జరుగుతుంది?

ముందు గెలాక్సీని అతినీలలోహితం నుంచి పరారుణం దాకా పది, ఇరవై ఫిల్టర్లలో చిత్రిస్తారు. ప్రతి ఫిల్టర్‌లో ఎంత వెలుగు పడిందో కొలిస్తే ఒక వంపు గీత వస్తుంది. తర్వాత దూరం కావాలి. వర్ణపటం (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ; ఒక్కో మూలకం అందులో తన గీతలు వేస్తుంది) ఉంటే రెడ్‌షిఫ్ట్ కచ్చితంగా తెలుస్తుంది, లేకపోతే ఫిల్టర్ల రంగుల నుంచే అంచనా వేస్తారు. ఇక కంప్యూటర్ వంతు. నక్షత్రాలు ఎప్పుడెప్పుడు ఎన్ని పుట్టాయి, లోహాలు ఎంత, ధూళి ఎంత అన్న విషయాలు మారుస్తూ లక్షల కొద్దీ కృత్రిమ గెలాక్సీల వెలుగును లెక్కగట్టి, ఏవి ఆ వంపుతో సరిపోతాయో చూస్తారు. ప్రాస్పెక్టర్, సిగాల్, బ్యాగ్‌పైప్స్ అనేవి ఈ పనికి బాగా వాడే ప్రోగ్రాములు. చివరకు వచ్చేది ఒక అంకె కాదు, ఏ ద్రవ్యరాశికి ఎంత అవకాశం ఉందో చెప్పే పంపిణీ. పట్టికలో వేసే అంకె దాని మధ్య విలువ.

ఎరుపంటే ముసలితనమేనా?

ధూళి ఎక్కువైనా గెలాక్సీ ఎర్రగా కనిపిస్తుంది, లోహాలు ఎక్కువైనా అంతే. వయసు, ధూళి, లోహాలు మూడూ ఒకే వైపు లాగడం ఈ రంగంలో పాత తలనొప్పి. విచిత్రంగా ద్రవ్యరాశి విషయంలో మాత్రం ఇది కొంత మేలే చేస్తుంది. గెలాక్సీ పాతబడి ఎర్రబడినా, ధూళితో ఎర్రబడినా, కనిపించే వెలుగుకు ఉండాల్సిన ద్రవ్యరాశి పెరుగుతుంది. అందుకే వయసు తప్పు చెప్పిన ప్రోగ్రాము కూడా ద్రవ్యరాశి దాదాపు సరిగ్గా చెప్పగలుగుతుంది.

మసక నక్షత్రాలు కనిపించవు కదా, వాటిని ఎలా లెక్కలోకి తీసుకుంటారు?

నిజం చెప్పాలంటే, ఊహిస్తారు. నక్షత్రాలు పుట్టినప్పుడు ఏ బరువువి ఎన్ని పుడతాయన్న పంపిణీని పాలపుంతలో మన చుట్టూ ఉన్న నక్షత్రాల నుంచి కట్టి, అదే మిగతా గెలాక్సీలకూ వర్తిస్తుందనుకుంటారు. 1955లో ఎడ్విన్ సాల్‌పీటర్ దీనికి తొలి సూత్రం ఇచ్చారు. దాన్ని చిన్న నక్షత్రాల దాకా పొడిగిస్తే వాటి సంఖ్య మరీ ఎక్కువ వస్తుందని తర్వాత తేలింది. ఇప్పుడు ఎక్కువగా వాడేవి 2001 నాటి క్రూపా, 2003 నాటి చాబ్రియే సూత్రాలు. ఒకే వెలుగుకు సాల్‌పీటర్ సూత్రం వాడితే ద్రవ్యరాశి వీటికంటే సుమారు 1.6 నుంచి 1.8 రెట్లు ఎక్కువ వస్తుంది. గెలాక్సీలో ఏమీ మారలేదు, సూత్రం మారిందంతే.

అన్ని గెలాక్సీల్లోనూ ఈ పంపిణీ ఒకటేనా అన్నది నా దృష్టిలో ఈ రంగంలోని అతి పెద్ద ప్రశ్న. 2010 తర్వాత వచ్చిన అధ్యయనాల్లో భారీ దీర్ఘవృత్తాకార గెలాక్సీల మధ్యభాగంలో చిన్న నక్షత్రాలు ఎక్కువగా ఉన్న గుర్తులు వర్ణపటంలోనూ, నక్షత్రాల కదలికల్లోనూ కనిపించాయి. అదే నిజమైతే వాటి ద్రవ్యరాశిని తక్కువ అంచనా వేస్తున్నట్టే.

అన్నీ కలిపితే పొరపాటు ఎంత ఉండవచ్చు?

మంచి డేటా ఉన్నప్పుడు కూడా ఒక గెలాక్సీ అంకెను రెండు రెట్లు అటూ ఇటూగా చూడటం మంచిది. దగ్గరి గెలాక్సీలకు దూరంలోని అనిశ్చితి కూడా కలుస్తుంది. వెలుగు నుంచి వచ్చే ద్రవ్యరాశి దూరం వర్గంతో పెరుగుతుంది. విశ్వం ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకం 67 అనుకుంటే వచ్చే ద్రవ్యరాశి, 73 అనుకుంటే వచ్చేదానికంటే దాదాపు 20 శాతం ఎక్కువ. భారీ గెలాక్సీల అంచుల్లో మసకగా పరుచుకున్న వెలుగును వదిలేస్తే మరో లోటు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మరొకటి. ఇటీవల ఒక్కసారిగా పుట్టిన యువ నక్షత్రాల వెలుగులో పాత నక్షత్రాలు పూర్తిగా మునిగిపోతాయి. వెలుగులో 5 శాతం కూడా లేని పాత తరం ద్రవ్యరాశిలో సగానికి పైగా ఉండవచ్చు. ఇది యాదృచ్ఛిక పొరపాటు కాదు, వేల గెలాక్సీల సగటు తీసినా పోదు. అన్నిటినీ ఒకే వైపుకు నెడుతుంది.

గురుత్వాకర్షణతో నేరుగా తూచలేమా?

తూచవచ్చు. గెలాక్సీ తిరిగే వేగం నుంచో, నక్షత్రాల వేగాల చెల్లాచెదురు నుంచో, గురుత్వ కటకం (వెనుక నుంచి వచ్చే కాంతిని గెలాక్సీ గురుత్వాకర్షణ వంచడం) నుంచో మొత్తం ద్రవ్యరాశి వస్తుంది. అందులోంచి కృష్ణ పదార్థాన్ని తీసేస్తే గానీ నక్షత్రాల వాటా తేలదు, ఆ తీసివేతకు మళ్లీ ఒక నమూనా కావాలి. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా భ్రమణాన్ని కొలిచిన తర్వాత తెలిసివచ్చింది కూడా అదే: కనిపించే వెలుగుకూ, లాగే ద్రవ్యరాశికీ పొంతన లేదు. అయినా ఈ పద్ధతి ఒక గట్టి హద్దు గీస్తుంది. నక్షత్రాల లెక్క మొత్తం లెక్కను దాటకూడదు.

ఒక గెలాక్సీ ఎదుగుదలను మనం చూడలేం కదా. మరి పరిణామం ఎలా తెలుస్తుంది?

ఒక్క గెలాక్సీని కోట్ల సంవత్సరాలు చూసేవారు ఎవరూ లేరు నిజమే. కానీ దూరం వెళ్లేకొద్దీ గతం కనిపిస్తుంది. ఒక్కో యుగంలో, ఒక్కో ద్రవ్యరాశిలో ఎన్ని గెలాక్సీలున్నాయో లెక్కించి ఆ పట్టికలను పోలుస్తారు. 1976లో పాల్ షెక్టర్ గెలాక్సీల వెలుగుల పంపిణీకి ఇచ్చిన రూపమే ఇక్కడా పనికొస్తుంది. చిన్న గెలాక్సీలు ఎక్కువ, ఒక స్థాయి దాటాక సంఖ్య హఠాత్తుగా పడిపోతుంది. ఆ స్థాయి నేడు 5,000 కోట్ల సూర్యుల దగ్గర ఉంది. పాలపుంత సరిగ్గా ఆ అంచునే ఉండటం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది.

విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు. నక్షత్రాలు అత్యధికంగా పుట్టింది మహా విస్ఫోటం తర్వాత సుమారు 350 కోట్ల సంవత్సరాలకు. ఆ తర్వాత వేగం తగ్గుతూ ఇప్పటికి దాదాపు పదో వంతుకు చేరింది. పియరో మదావ్, మార్క్ డికిన్సన్ 2014లో చేసిన సమీక్ష ప్రకారం నేడున్న నక్షత్ర ద్రవ్యరాశిలో పావు వంతు ఆ శిఖరానికి ముందే ఏర్పడింది, సగం రెడ్‌షిఫ్ట్ 1.3కు ముందు. మొదటి వంద కోట్ల సంవత్సరాల్లో పుట్టినది ఒక శాతం లోపే. దీన్ని సరిచూసుకునే దారి కూడా ఉంది. ప్రతి యుగంలో నక్షత్రాలు పుట్టిన వేగాన్ని కూడుతూ వచ్చి, వెనక్కి పోయిన వాయువును తీసేస్తే, ఆయా యుగాల్లో విడిగా కొలిచిన ద్రవ్యరాశితో సరిపోవాలి. రెండు వేర్వేరు కొలతలు ఇలా కలవడం చూస్తే, ఇన్ని అంచనాలున్నా పద్ధతి మీద నమ్మకం కలుగుతుంది.

చిన్న గెలాక్సీలు ముందు ఎదిగాయా, పెద్దవా?

పెద్దవి. కృష్ణ పదార్థం చిన్న ముద్దలుగా మొదలై పెద్దవిగా కలుస్తుంది కాబట్టి గెలాక్సీలూ అలాగే ఉంటాయని ఎదురుచూశారు. 1996లో లెనాక్స్ కౌవీ బృందం చూపింది ఇందుకు తలకిందులు: భారీ గెలాక్సీల్లో నక్షత్రాల పుట్టుక తొందరగా ముగిసింది, తక్కువ బరువు గెలాక్సీల్లో ఇంకా సాగుతోంది. పాలపుంత లాంటి మధ్యరకం గెలాక్సీల పూర్వీకులను వెతికితే, వాటి నక్షత్ర ద్రవ్యరాశిలో దాదాపు 90 శాతం గత 1,100 కోట్ల సంవత్సరాల్లో కూడినదే.

గెలాక్సీ ద్రవ్యరాశి పెరగడానికి ఎన్ని దారులు?

రెండే. సొంత వాయువుతో నక్షత్రాలను పుట్టించడం, మరో గెలాక్సీని కలుపుకోవడం. పాలపుంత ఎక్కువగా మొదటి దారిలోనే పెరిగింది. రెండోదానికీ సాక్ష్యం ఉంది. 800 నుంచి 1,100 కోట్ల సంవత్సరాల కిందట కలిసిపోయిన గయా ఎన్సెలాడస్ అనే గెలాక్సీ నక్షత్రాలు ఇప్పటికీ వింత దారుల్లో తిరుగుతున్నాయి. గయా ఉపగ్రహం కొలతల నుంచి 2018లో ఇది బయటపడింది.

భారీ దీర్ఘవృత్తాకార గెలాక్సీల కథ వేరు. 1,000 కోట్ల సంవత్సరాల కిందట నక్షత్రాల పుట్టుక ఆగిపోయిన గెలాక్సీలు, నేడు అదే ద్రవ్యరాశి ఉన్నవాటితో పోలిస్తే వ్యాసంలో మూడో వంతో, ఇంకా తక్కువో ఉండేవి. తర్వాత చిన్న గెలాక్సీలు వచ్చి అంచుల్లో చేరుతూ వాటిని విస్తరింపజేశాయి. ద్రవ్యరాశి కంటే పరిమాణం వేగంగా పెరిగింది.

మరి పెరుగుదల ఎందుకు ఆగుతుంది?

గెలాక్సీలు తమకు దొరికిన మామూలు పదార్థంలో చాలా తక్కువనే నక్షత్రాలుగా మార్చగలవు. కృష్ణ పదార్థంతో కలిపి లక్ష కోట్ల సూర్యులంత ఉన్నవి ఈ పనిలో అందరికంటే మెరుగు. వాటిలో కూడా మారేది సుమారు ఐదో వంతే. అంతకంటే చిన్నవాటిలో సూపర్‌నోవా పేలుళ్లు వాయువును బయటకు ఊదేస్తాయి. పెద్దవాటిలో మధ్యనున్న కృష్ణ బిలం వాయువును వేడిగా ఉంచి చల్లారనివ్వదు. పర్సియస్ గెలాక్సీ గుంపు మధ్యలో ఎన్‌జీసీ 1275 చుట్టూ ఉన్న వేడి వాయువులో కృష్ణ బిలం తవ్విన భారీ గుల్లలు చంద్ర అనే ఎక్స్‌రే టెలిస్కోప్ తీసిన చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తాయి.

జేమ్స్ వెబ్ ‘ఉండకూడనంత పెద్ద’ గెలాక్సీలను కనుగొందంటారు. నిజమేనా?

2023 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం వల్ల ఈ మాట పాకింది. మహా విస్ఫోటం తర్వాత 50 నుంచి 70 కోట్ల సంవత్సరాలకే 1,000 కోట్ల సూర్యులను మించి ఉన్నట్టు కనిపించే ఆరు గెలాక్సీలను అందులో ప్రతిపాదించారు. ఒకటి 10,000 కోట్లకు దగ్గర. అంత ఉండాలంటే దొరికిన వాయువంతా నక్షత్రాలైపోవాలి. విశ్వ సిద్ధాంతమే కూలిపోయిందని వార్తలు వచ్చాయి.

ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. దూరాలు ఫిల్టర్ రంగుల నుంచి వేసిన అంచనాలు. వర్ణపటం తీస్తే వాటిలో ఒకటి అనుకున్నదానికంటే దగ్గరగా, రెడ్‌షిఫ్ట్ 5.6 వద్ద ఉన్నట్టు తేలింది. పైగా అందులో హైడ్రోజన్ గీతలు వెడల్పుగా ఉన్నాయి. అది పదార్థాన్ని మింగుతున్న కృష్ణ బిలం గుర్తు. దాని వెలుగును నక్షత్రాల ఖాతాలో వేస్తే ద్రవ్యరాశి ఊరికే ఉబ్బిపోతుంది. ఆక్సిజన్, హైడ్రోజన్ గీతలు బలంగా ఉంటే ఒక ఫిల్టర్‌లో వెలుగు పెరిగి, పాత నక్షత్రాలు చాలా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఇవి సరిదిద్దాక వైరుధ్యం చాలావరకు తగ్గింది. తొలి యుగంలో ప్రకాశవంతమైన గెలాక్సీలు ఊహించినదానికంటే ఎక్కువ ఉన్నాయన్న ఆశ్చర్యం మాత్రం మిగిలే ఉంది. జేడ్స్ జీఎస్ జెడ్14-0 అనే గెలాక్సీ మహా విస్ఫోటం తర్వాత 30 కోట్ల సంవత్సరాల లోపే సుమారు 50 కోట్ల సూర్యులంత ఉంది. ఇది వర్ణపటంతో ఖరారైన దూరం.

పాలపుంత ఇంకా పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ నెమ్మదిగా. ఇప్పుడు ఏడాదికి సుమారు ఇద్దరు సూర్యులంత పదార్థం కొత్త నక్షత్రాలవుతోంది. ఈ లెక్కన వంద కోట్ల సంవత్సరాలకు చేరేది 200 కోట్ల సూర్యులు. పాలపుంత పక్కనే ఉన్న చిన్న గెలాక్సీ పెద్ద మెగెల్లానిక్ మేఘం. దాని నక్షత్ర ద్రవ్యరాశి సుమారు 300 కోట్ల సూర్యులు. దాదాపు 240 కోట్ల సంవత్సరాల్లో అది పాలపుంతలో కలుస్తుందని 2019 నాటి ఒక సిమ్యులేషన్ అంచనా. అంటే సొంతంగా పుట్టించే దాంతో పోల్చదగినంత ఒక్క విలీనంతో వచ్చి చేరుతుంది. ఆండ్రోమెడాతో ఢీకొనడం ఖాయమని చాలాకాలం అనుకున్నారు. హబుల్, గయా కొలతలతో 2025లో చేసిన లెక్కల ప్రకారం వచ్చే 1,000 కోట్ల సంవత్సరాల్లో ఆ అవకాశం సుమారు 50 శాతమే. కలిస్తే, ఏర్పడే గెలాక్సీ నక్షత్ర ద్రవ్యరాశి 15,000 కోట్ల సూర్యులకు పైనే ఉంటుంది.